మా యింటి ఉన్నిగని

మానవుని కూడబెట్టు గుణమునకు హద్దు ఇంతయని ఏ శాస్త్రకారుడును నిర్ణయింపలేదు. తపాలాబిళ్లలు కూర్చువారు కలరు. చెల్లని నాణెములు కూర్చువారు కలరు. వచ్చిన శుభలేఖ నెల్ల తీగకు గ్రుచ్చి, అందలి వధూవరుల మనుమల శుభలేఖలు వచ్చువరకు భద్రపరచిన మహనీయుని నేనెరుగుదును. వీరి నెవ్వరును పిచ్చివారనరు. పైపెచ్చు ఏదో యొక ఆదివారము వార్తాపత్రికలో వీరి ఛాయాచిత్రము వేయుదురు. కాని మీసము నెరసిన పురుషుడొకడు, ఉద్యోగము విరమించిన పిమ్మట, పోయిన యూరెల్ల ఉన్నియుండలును నూలుచిలపలును కొని తెచ్చి, బీరువా నింపి, అది చాలక మంచముక్రింద నింపి, అదియు చాలక వంటింటి యటకవంక చూపు సారించినచో, వానికి లోకము పెట్టు పేరు వేరు. ఆ పేరు మా యింట పూటపూటకును వినబడుచున్నది గావున, దానికి సమాధానముగ ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

నా నివాసము కోలారు బంగారుగనుల యందలి రాబర్ట్‌సన్‌పేట. ఊరిపేరు చెప్పగానే వినువారి కన్నులలో పసిమి మెరయును, మెరయుట న్యాయమే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్లేయ సంస్థవారు ఈ బంజరుభూమిపై అడుగిడినది మొదలు, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడువరకు, ఇచటి భూగర్భమునుండి వెలువడిన బంగారము 800 టన్నులకు పైమాట. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు; అంత లోతున రాతివేడి 60 డిగ్రీలను దాటుటచే మన తమిళ, తెలుగు కార్మికులు ఒంటిమీది గోచిగుడ్డయు భారమేయని చెమటలో నీదులాడుచుండగా, సరిగా వారి తలలపై, సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల యెత్తున, మార్గశిరపు చలికి తలుపులు బిగించుకొన్న బంగళాలలో దొరసానులు స్వెట్టర్లల్లుకొనుచు కూర్చుండియుందురని నా యూహ. ఈ యూహకు ఆధారము లేకపోలేదు. గనిపనికి వచ్చిన ఆంగ్లేయులలో పెక్కుమంది కార్న్‌వాల్ సీమవారు. ఆ సీమ జాలరులు తొడుగు చేతియల్లిక ఉన్నిచొక్కాలు అచట పేరెన్నిక గన్నవి. బంగారము ఓడలెక్కి లండను పోయినది. అల్లికసూదులు మాత్ర మిచట మిగిలినవి.

అట్లు మిగిలిన సూదులలో ఒక జత చేతులు మారి, తరములు మారి, మా వీథిలోని యొక ఆంగ్లో-ఇండియన్ వృద్ధురాలికడ చేరెను. ఆమెను వీథివారందరు ఆంటీ యనువారు. ఆమె వీథివారి నందరిని, వయోలింగభేదము లేక, 'మ్యాన్' అనునది. నా చేతులలో పని లేకుండుట చూడజాలక ఆమె యొకనాడు ఆ సూదులు నాకిచ్చి, "ముందుకొక కుట్టు, వెనక్కొక కుట్టు. అంతే మ్యాన్! మిగిలిందంతా ఓపిక" అని అల్లికశాస్త్రమును మూడు వాక్యములలో బోధించెను. వ్యాకరణశాస్త్రమును నాకెవ్వరైన ఇట్లు బోధించియుండినచో ఈపాటికి మహాపండితుడనై యుందును.

పురుషుడు అల్లుటయా, వడుకుటయా యని మూతి విరుచువారికి నాకడ సమాధానములు సిద్ధముగ నున్నవి. విమర్శకుడు రాకమునుపే సమాధానములు కూర్చుకొనుటయు కూడబెట్టుటలో నొక శాఖయే కదా! దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, టిటికాకా సరస్సు నడుమ తాకీలే యను ద్వీపమొకటి కలదు. అచట టోపీలల్లుట మగవారి విద్య. బాలురు చిన్ననాటనే సూదులు పట్టుదురు. ఆడువారు మగ్గమున నేయుదురు. అంతదూరమేల? మహాత్ముడు 1927 వేసవిలో అస్వస్థుడై విశ్రాంతికి వచ్చినది నందికొండకు. నందికొండ ఆనాడు కోలారు జిల్లాలోనిదే. వడుకుట ఆయనకు నిత్యవ్రతము. అంతకుముందు 1924లో ఆయన అధ్యక్షత వహించిన బెళగాం కాంగ్రెసు, సభ్యత్వమునకు చందాగ నెలకు 2000 గజముల నూలు సమర్పింపవలెనని శాసించెను. ఆ శాసనము ఏడాదియైన నిలువలేదు. కారణము ఊహింప కష్టము కాదు: ఉపన్యాసము వడుకుటకు దూది యక్కరలేదు, నూలు వడుకుటకు కావలెను.

ఈ చారిత్రకాంశములను నేను మా యింటావిడ యెదుట సవిస్తరముగ ప్రతిపాదింపగా ఆమె వత్తి చేయుచున్న చేతిని ఆపకయే, "గాంధీగారు వడికారని నేనూ విన్నానండీ. ఊరూరా తిరిగి కొనుక్కొచ్చి మంచం కింద దాచారని మాత్రం ఎవరూ చెప్పలేదు" అని తీర్పు చెప్పెను. ఆ తీర్పుపై అప్పీలు లేదు.

దాచుట సంగతి యటుండనిండు. కొనుట యెట్లు మొదలయ్యెనో చెప్పెదను. దేశమున పెక్కు రైలుమార్గము లున్నవి. వానియందు దారముకొరకే వేసిరా యనదగినది, బంగారుపేటలో బయలుదేరి కోలారు, శ్రీనివాసపురము, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురముల మీదుగ యలహంక చేరునది. మొదట నిది రెండున్నర యడుగుల వెడల్పుగల చిన్నరైలుదారి. శ్రీనివాసపురపు మామిడితోపులకడ దిగి కాయ కోసికొని, ఉప్పుకారము నద్దుకొని మరల అదే రైలెక్కవచ్చునని పెద్దలు చెప్పుకొనెడువారు. ఇప్పుడు పెద్ద పట్టాలు పడుటచే ఆ సౌకర్యము పోయినది. కాని కోలారున కంబళి, చింతామణి శిడ్లఘట్టల పట్టు యథాస్థానముననే యున్నవి. 2007లో చింతామణియు శిడ్లఘట్టయు కోలారు నుండి విడివడి క్రొత్తగా నేర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినవి. పట్టుపురుగులకు మాత్ర మీ వార్త ఇంకను తెలియదు.

నూరేండ్లనాటి ఆంగ్లగ్రంథములు కోలారు పట్టణమును వర్ణించుచు మూడింటిని ముఖ్యముగ పేర్కొనును: పట్టుపురుగులు, ముతక కంబళ్లు, టర్కీకోళ్లు. టర్కీకోళ్లతో నాకు పని లేదు. వానికి ఉన్ని లేదు. కంబళి సంగతి వేరు. నల్లగొర్రెల బొచ్చును ఏటికి రెండుమార్లు కత్తిరించి, ఏకి, ఆడువారు వడికిన నూలును కురుబమగవారు గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టింతురు. గొర్రె నలుపు గావున రంగు అక్కరలేదు. గంజి గట్టిది గావున చిన్నవాన లోనికి రాదు. అది పగలు గొడుగు, రేయి పడక, పంచాయితీలో ఆసనము. కాశ్మీరశాలువ మెడను లాలించును. మన కంబళి మెడను విచారణ చేయును. గొంగళిలో తినుచు వెంట్రుక లేరుకొనుటయని లోకులు హేళనగ చెప్పుదురే, ఆ కార్యమును నేను మనసార చేయుదును. తినుట మాని వెంట్రుకలే యేరుకొందును.

కోలారు చేరువ నొక పల్లెలో అరుగుపై కూర్చుండి వడుకుచున్న ముదుసలి యొకతె నా సంచిలోనుండి పైకి వచ్చిన కదురును చూచి, తన కదురు ఆపి, "ఏం సామీ, మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?" అని పరామర్శించెను.

"ఉన్నారవ్వా."

"మరి నువ్వెందుకు వడికేది?"

"సరదాకి, అవ్వా."

"సరదాకా!" అని ఆమె నోరు తెరచి, పల్లెయంతయు వినునట్లు నవ్వి, "నేను పుట్టినప్పటినుంచి వడకతానే ఉండాను. ఇది సరదా అని నాకు ఎవురూ చెప్పనే లేదే!" అనెను.

పిదప నా నూలును వ్రేళ్లనడుమ నలిపి చూచి, "ఇది నూలా సామీ, గొర్రెను కట్టే పగ్గమా?" అని నిజమైన సందేహముతో నడిగెను. విశ్వవిద్యాలయములలో పరీక్షకులింత సూటిగ ప్రశ్నింపరు. ఆమెకడ కదురు పట్టు విధమును కొంత నేర్చి, ఆమె వడికిన నూలుచిలపలు కొన్నియు, వడుకని బొచ్చు ఒక మూటయు కొని బస్సెక్కితిని.

కడుగని గొర్రెబొచ్చునందు జిడ్డు ఉండును. జిడ్డునందు గొర్రెయొక్క సంపూర్ణ జీవితచరిత్ర ఉండును. ఎండ పెరిగినకొలది ఆ చరిత్ర బస్సునందలి ప్రతి వ్యక్తికిని తెలిసిపోయెను. నా ప్రక్కనున్న పెద్దమనిషి దూరదూరముగ జరిగి, జరుగుటకు చోటులేక, తుదకు నిలుచుండెను. అంతట కండక్టరు వచ్చి మూటవంక అనుమానముగ చూచి, "ఏముంది సామీ దీంట్లో?" అనెను. "ఉన్ని" అంటిని. ఆతడు వంగి, వాసన చూచి, నిటారుగ లేచి, "ఉన్నితో పాటు గొర్రె కూడా ఉన్నట్టుంది. దానికీ టికెట్ తీసుకోండి" అనెను. మూట విప్పి చూపుదునని నేనన్నంతనే బస్సుబస్సంతయు నేకకంఠముతో వలదని వారించినది. ప్రజాభిప్రాయ మింత ఐకమత్యముతో వెలువడుట నే నెన్నికలలోను చూచి యెరుగను. గొర్రెటికెట్టు తీసికొంటిని.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతలో వాసన వేరు, మర్యాద వేరు. ఇచట వడుకుటలో మనకెల్లరకు గురువైన జీవి యొక్క కృతులు రాసులుగ పోసి వేలము వేయుదురు. ఆ జీవి రమారమి నెలదినములు మల్బరీ ఆకు తప్ప మరియొకటి యెరుగక తిని, నాలుగుమార్లు పొరవిడచును. పొరవిడుచుటకు అది మేత మాని కదలక కూర్చుండు అవస్థను రైతులు జ్వరమందురు. నాలుగు జ్వరములు లేచిన పిమ్మట మరికొన్నాళ్లు ఆబగా మేసి, చంద్రికయను వెదురుతట్టనెక్కి, తలను అటునిటు త్రిప్పుచు రెండుమూడు దినములు ఎడతెగక వడికి, తాను వడికిన నూలులో తానే బందీయగును. తన నూలులో తాను చిక్కుకొనువరకు నేనును గురువును అనుసరింపగలిగితిని. పట్టు మాత్రము రాలేదు. మేలుజాతి తెల్లగూటియందు తెగని పోగు సుమారు ఒక కిలోమీటరు పొడవుండునట. నాలుగు గూళ్ల పోగు కొసకుకొస ముడివేసి జారవిడిచినచో చాంపియన్ రీఫ్ అడుగునంటును. మనుష్యులు వేలమంది నూటయిరువదియేండ్లు శ్రమించి దిగిన లోతును నాలుగు పురుగులు మూడు దినములలో కొలిచివేయుటను తలచినపుడు మానవాహంకారమునకు కొంత శాంతి కలుగును.

నాకు కావలసినవి చేరెడు గూళ్లు. వర్తకుడు కండువాతో ముఖము తుడుచుకొని, "మీవి ఎన్ని బేసిన్లు స్వామీ?" అనెను. పట్టు తీయువారు తమ కార్ఖానా పరిమాణమును గూళ్లుడికించు వేడినీటి బేసిన్ల లెక్కన చెప్పుదురు. "ఒక్కటే, భోజనానంతరము చేయి కడుగుకొనుటకు" అని నేను సత్యమే పలికితిని. ఆతడు నన్ను తేరిపార చూచి, చేరెడుగూళ్లు ఊరకయే నా సంచిలో పోసి, "డబ్బులొద్దు స్వామీ, దారి ఇవ్వండి, వెనక బండి వస్తోంది" అనెను. దానము స్వీకరించితిని.

పురుగును ఉడికించుట మనస్కరింపనివారికి మార్గాంతరము కలదు. హైదరాబాదున చేనేతసంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు, రెక్కలు వచ్చిన పురుగు గూడు చీల్చుకొని వెలుపలికి వచ్చిన పిదప మిగిలిన గూళ్లనుండి పట్టు తీయించి, దానిని అహింసాపట్టుగ ప్రసిద్ధి చేసిరి. గూడు చీలుటచే పోగు తెగును. తెగిన పోగును చుట్టి తీయుటకు వీలులేదు, దూదివలె వడుకవలసినదే. అనగా అహింసకు కదురు తప్పనిసరి. ఈ వాక్యమును పెద్దయక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవలెనని నా కోరిక. మా యింటావిడ గోడయైనను ఖాళీగ ఉండనిండని ప్రాధేయపడుటచే మానుకొంటిని.

ప్రయాణములయందు నాకు తోడు పెట్టెరాట్నము. గాంధీగారు యెరవాడ చెరసాలలో నున్నపుడు మెరుగుపరచినది గావున దానికి యెరవాడచక్రమని పేరు. మూసిన చిన్నపెట్టె, తెరచిన రెండు చక్రములు, ఒక కదురు. శ్రీకాకుళము వైపు రైలులో దానిని ఒడిలో నుంచుకొని కూర్చుండగా ఎదుటి బల్లపైని వృద్ధదంపతులు చాలసేపు నా ముఖమును, పెట్టెను మార్చి మార్చి చూచి, తుదకు భర్త చేతులు జోడించి, "హార్మోనియం తెరవండి బాబూ, ఒక్క త్యాగరాజ కీర్తన పాడండి" అని కోరెను. తెరచితిని; రాట్నము కిరకిరలాడినది. "శ్రుతి సరిగా లేదు" అని భార్య నెమ్మదిగ ననెను.

ఆ ప్రయాణము పొందూరునకు. అచటి సన్నఖద్దరును గూర్చి తెలుగువారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు. కాని అచటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో, దాని సన్నని పండ్లతో, పత్తిని దువ్వుటను కన్నులార చూడవలెను. నూలు సన్నదనమును నంబరుతో చెప్పుదురు. ఒక పౌను బరువునకు 840 గజముల చిలపలెన్ని తూగునో అదియే నంబరు. పొందూరు నూలు 100 నంబరునందుకొనును. అనగా పౌనుకు 84,000 గజములు, రమారమి 77 కిలోమీటర్లు. బంగారుపేటనుండి బెంగుళూరునకు రైలుదారి 70 కిలోమీటర్లు. ఒక పౌను నూలు కొస పట్టుకొని నేను బంగారుపేటలో రైలెక్కినచో, బెంగుళూరున దిగి ఆటోవానితో బేరమాడి బంధువుల యిల్లు చేరువరకును నూలు మిగిలియుండును. నేను వడికిన నూలైనచో రైలు కదలకమునుపే తెగును. దానికి నంబరు వేయుటకు తగిన యంకె ఇంకను పుట్టలేదు.

ఇట్లు కోలారు బొచ్చు, శిడ్లఘట్ట గూళ్లు, పొందూరు చిలపలు, పెండ్లికని పోయిన ఊర తెచ్చిన ఉండలు, పరామర్శకని పోయిన ఊర తెచ్చిన ఉండలు ఇంట పెరుగసాగెను. ఏకై వచ్చి మేకై కూర్చుండుట యన్నది మా యింట అక్షరాల జరిగినది. చిమ్మటలు పట్టకుండ వేపాకు వేసితిని. వేపాకు చాలదని కలరాయుండలు వేసితిని. వచ్చిన చుట్టములు బీరువా తెరచినంతనే తుమ్ముచు వెడలుటచే కాఫీఖర్చు తగ్గినదను లాభమును మా యింటావిడ లెక్కలో చేర్చుకొనదు. ఉత్పత్తిని గూర్చి యడుగువారికి మా యూరి గనియే నా జవాబు. టన్ను రాతిని పిండిచేసి సైనైడుతో కడిగిన దొరకు బంగారము కొన్ని గ్రాములు. మిగిలినదంతయు ఊరిప్రక్క దిబ్బలుగ నేటికిని నిలిచియున్నది. ఆ దిబ్బలను చూచి గనిని దండుగయని యెవ్వరైన ననిరా? మా యింటియందును అంతే: ఒక బీరువా యున్నికి ఒక మఫ్లరు, ఒక మంచముక్రింది సరకునకు ఒక జత మేజోళ్లు. స్వెట్టరు ఒకటి మొదలిడితిని. ఒక చేయి పూర్తియగునప్పటికి పెద్దమనుమడు ఎదిగిపోయెను. కావున రెండవచేయి చిన్నమనుమని కొలతకు అల్లితిని. ఇప్పుడది ఇద్దరికిని సగము సగము సరిపోవును. సోదరప్రేమకు ఇంతకన్న ఆధారమేమి కావలెను?

హాస్యమునకేమి గాని, ఒక్కమాట. అవసరమే వృత్తులను నిలుపునని అర్థశాస్త్రజ్ఞులందురు. కోలారు పల్లెలలో నాకు కనబడినది వేరు. చలివేసినవాడు అంగడికిపోయి మిల్లు స్వెట్టరు కొనును. అది చవుక, మెత్తన, తేలిక. ఆతని దోష మిందులేదు. గొర్రెలనిప్పుడు మాంసముకొరకే పెంచుచున్నారు. బొచ్చునకు ధర లేక, కత్తిరించిన కూలియైనను గిట్టక, కాపరులు దానిని గట్టుప్రక్కల పారవేయుచున్నారు. అక్కరగలవాడొక్కడును కదురు గడప త్రొక్కని యీకాలమున, ఏ యక్కరయు లేని నావంటివాడు సంచి చంకబెట్టుకొని పోయి రెండు చిలపలడిగిన దినమున అవ్వ కదురు మరల తిరుగును. చంద్రునికొక నూలుపోగు వంటిదే యీ సాయము. అది నాకును తెలియును. అయినను, బంగారమునకు కాచుకొనువారు లోకమంతట కలరు. ముతకయున్నికి మిగిలిన పోషకులు, మా యింటావిడ భాషలో, పిచ్చివారు మాత్రమే. ఈ ధర్మసూక్ష్మమును ఆమెకు వివరింపగా, "అంత ధర్మకార్యమైతే సంచి పంచెకింద దాచుకుని దొడ్డిదారిన వస్తారెందుకండీ?" అని యడిగెను. ధర్మము ఎప్పుడును గుప్తముగ చేయవలెనని పెద్దలు చెప్పియున్నారు.

కావున చదువరులకు నా మనవి. కోలారువైపు వచ్చినపుడు ఒక కంబళి కొనుడు. మంచముక్రింద చోటున్నచో రెండు కొనుడు. అవ్వతో బేరమాడకుడు. మెడకు గుచ్చుకొనునని వెనుదీయకుడు. కొన్ని చలికాలములు కప్పుకొన్న పిమ్మట అదియు మెత్తబడును, మెడయు మొద్దుబారును. ఉదుకవలసివచ్చినచో చన్నీళ్లలోనే యుదుకుడు; వేడినీరు తగిలెనా, తాత కంబళి మనుమని తువాలగును.